చిత్తడి అడవుల చెంత అడవిపందులు, దుప్పులు: క్రొత్తగా కాపు కాయు రైతులకును షికారునకు బోవువారికిని సూచనలు

పెద్ద చెరువుల శిఖములందును, వాగుల యొడ్డున గల తుంగ బీళ్ళయందును, అడవి నానుకొని యుండు మాగాణులందును సేద్యము చేయు పట్టాదారులకు అడవిపందులవలనను దుప్పులవలనను కలుగు నష్టము క్రొత్తది కాదు. పాకాల, లక్నవరము, రామప్ప వంటి చెరువుల పరిసరములందు నీరు, నీడ, దట్టమైన పొద, పండిన పైరు దగ్గర దగ్గరగా దొరకుచున్నవి. అట్టి తావును మృగము సులభముగా విడిచిపోదు.

ఇట్టి భూములను క్రొత్తగా కొన్నవారును, పెద్దలనుండి పొంది మొదటిసారి స్వయముగా కాపు కాయువారును సామాన్యముగా రెండు పొరపాట్లు చేయుచున్నారు. మృగము నడత తెలియకయే తుపాకికై పరుగెత్తుట మొదటిది. చేని చుట్టు తీగె కట్టి దానికి కరెంటు తగిలించుట రెండవది. మొదటిదానివలన ఫలము స్వల్పము. రెండవదానివలన మనుష్యులు చచ్చుచున్నారు. మంచి షికారీకి మృగము ఎటనుండి వచ్చునో, ఏ వేళకు వచ్చునో, దేనికి జంకునో తెలిసి యుండును. ఆ తెలివియే రైతునకు నున్నయెడల తుపాకితో నిమిత్తము లేకయే పైరులో హెచ్చుభాగము దక్కును. ఆ సంగతులే యిందు వరుసగా తెలుపబడుచున్నవి.

1. చట్టము

పూర్వము సంస్థానములలో లైసెన్సు పొంది షికారు చేయు పద్ధతి యుండెను. ఇప్పు డది లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972 లో ఏర్పడినది. 1991 లో జరిగిన సవరణతో వినోదార్థమైన వేట పూర్తిగా నిషేధింపబడినది. వేట యనగా తుపాకితో చంపుట మాత్రమే కాదు. ఉచ్చు పన్నుట, వల కట్టుట, విషము పెట్టుట, ఎర చూపి పట్టుట, వీనికి ప్రయత్నించుట సైతము వేటయే యని చట్టము చెప్పుచున్నది. కావున చేని గట్టున సైకిలు తీగెతో ఉరి పన్నిన రైతు, మృగము చిక్కకున్నను, నేరస్థుడే యగును.

అడవిపంది యిప్పుడు ఆ చట్టపు రెండవ అనుబంధములో చేరియున్నది. మనుష్యుల ప్రాణములకుగాని, ఆస్తికిగాని, నిలువు పైరునకుగాని అపాయకరమైనదని తోచినపుడు, ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారియో, ఆయనచే అధికారము పొందిన అధికారియో కారణములు వ్రాసి, వ్రాతమూలముగా చంపుట కనుమతి నీయవచ్చునని 11 వ నిబంధన తెలుపుచున్నది. నోటిమాట అనుమతి కాదు. గ్రామములో అందరును చేయుచున్నారనుట అనుమతి కాదు. కృష్ణజింక మొదటి అనుబంధములోనిది. దానిని చంపినవారికి 3 సంవత్సరములకు తక్కువ గాకుండ 7 సంవత్సరములవరకు ఖైదును, జుల్మానాయు కలదు.

అడవిపంది హానికర మృగమని ప్రకటింపబడినది గనుక ఎవరైనను చంపవచ్చునను వదంతి పల్లెలలో వినబడుచుండును. అట్టి ప్రకటన 62 వ నిబంధన క్రింద కేంద్ర ప్రభుత్వము చేయవలసినది. 2015 లో బీహారునందును, 2016 లో ఉత్తరాఖండునందును కొన్ని జిల్లాలకు మాత్రమే, ఒక్కొక్క సంవత్సరపు గడువుతో, అట్లు చేసియుండిరి. ఆ ప్రకటనలు ఇతర రాష్ట్రముల రైతులకు చెల్లవు.

తన ప్రాణమునో, ఇతరుల ప్రాణమునో కాపాడుకొనుటకై మంచి బుద్ధితో మృగమును చంపిన యెడల అది నేరము కాదు. అయితే ఆ సమయమున ఆ మనుష్యుడు చట్టవిరుద్ధమైన పని చేయుచుండగూడదు. దొంగచాటున షికారునకు బోయి, పంది మీదికి వచ్చినదని చెప్పుకొన్నవారికి ఈ రక్షణ దొరకదు.

2. అడవిపంది నడత

అడవిపందికి చూపు మందము, వినికిడి మంచిది, వాసన పట్టుటలో దానికి సాటి వచ్చునవి తక్కువ. భూమిలో జానెడు లోతున నున్న వేరుసెనగ కాయను ముట్టెతో నేరుగా త్రవ్వి తినగలదు. చెమటచే శరీరమును చల్లబరచుకొను శక్తి దానికి లేదు. అందుచేతనే ఎండకాలమున బురదను విడిచియుండజాలదు. చిత్తడి అడవి పందికి ఇష్టమగుటకు ముఖ్యకారణ మిదియే. పగలు తుంగలోనో, జమ్ములోనో, ఈతపొదలలోనో పండుకొనును; పొద్దు గ్రుంకిన పిదప మేతకు బయలుదేరి తెల్లవారకమునుపే మరలును. తరుముచున్నకొలది రాత్రిమేతకే మరింత అలవాటుపడును.

ఆడుపందులును పిల్లలును మందగా తిరుగును. ముదిరిన మగపంది ఒంటరిగా తిరుగును. దానినే ఒంటిపంది యందురు. ఆడుపంది సుమారు 115 దినములు చూలు మోసి, సామాన్యముగా 4 నుండి 6 పిల్లలను పెట్టును. కావున మేతయు నీరును సమృద్ధిగా నున్నచోట ఒకటి రెండు పందులను చంపినంతమాత్రమున మంద తగ్గదు. చచ్చినవాని స్థానము త్వరలో నిండును. మేతను చేజిక్కనీయకుండుటయే అసలు ఉపాయము.

పంది చక్కగా ఈదగలదు. ఈ సంగతి మరవరాదు. మెట్టభూములలో కందకము త్రవ్వి కొంత మేలు పొందినవారు కలరు. చిత్తడి నేలలో కందకము నీటితో నిండి, గట్లు జారి, పందికి పొర్లుగుంటగా మారును.

3. దుప్పులు, జింకలు

మన ప్రాంతపు పైరులలో ప్రవేశించువానిలో చుక్కల దుప్పియు కణుజును ముఖ్యములు. కణుజును కొన్ని యెడల కడితి యందురు. చుక్కల దుప్పులు మందలుగా నుండి, ఉదయమున, సాయంకాలమున పచ్చిక మేయును. లేతపైరు చిగుళ్ళను కొరికివేయును. కణుజు పెద్దది, రాత్రించరము. నీటిలో దిగుటకు వెనుదీయదు. వీని కొమ్ములు కొమ్మలు కలిగి యేటేట రాలి మరల మొలచును. కృష్ణజింక కొమ్ములు మెలిక తిరిగి, రాలక యుండును. అది బయలు మైదానముల మృగము, చిత్తడి అడవిలో నుండదు. చిత్తడి దుప్పి యని పేరు గాంచిన బారసింగా తెలుగు ప్రాంతములలో లేదు. అది కాన్హా, దుధ్వా, కాజీరంగా వంటి ఉత్తర, మధ్య, ఈశాన్య భారతపు అడవులకు పరిమితమైనది.

దుప్పివలన నష్టము కలదు గాని పందివలన కలుగునంత కాదు. చాలచోట్ల పంది చేసిన పని దుప్పి మీద మోపుదురు. కావున చేను పాడైన ఉదయముననే ఆనవాళ్ళు చూచి దోషి ఎవరో నిర్ణయించుకొనవలెను.

4. ఆనవాళ్ళు

అడుగుజాడ: పందికిని దుప్పికిని గిట్టలు రెండుగా చీలియుండును. పంది గిట్టల కొనలు మొద్దుగా నుండి, వెనుక ఇరుప్రక్కల చిన్నగిట్టల గుర్తులు దాదాపు ఎల్లప్పుడు పడును. దుప్పి జాడ సన్నమై కొన వాడిగా నుండును. లోతైన బురదలోనైనను, పరుగెత్తినపుడైనను దుప్పి చిన్నగిట్టలు సైతము పడును గనుక, ఒక్క జాడను జూచి నిశ్చయింపక గట్టినేల మీదికి నడచిన జాడను గూడ చూడవలెను.

కొరుకు గుర్తు: దుప్పికి పైదవడ ముందు పండ్లు లేవు. అందుచే అది కొరికిన చిగురు కత్తితో కోసినట్లుండక చించినట్లుండును. పంది మొక్కజొన్న కాండమును పడద్రోసి కండెను నమలును. చెఱకును నమిలి పిప్పి ఉమియును. వరిని త్రొక్కి నేల కూల్చును. చిలుకలు కండెను పైనుండి పొడుచును, కాండము పడదు.

త్రవ్వుడు: నేల దున్నినట్లు వరుసగా తిరుగబడియున్నయెడల అది పంది ముట్టె పని.

పొర్లుగుంటయు, రుద్దిన చెట్టును: పంది బురదలో పొర్లిన వెంటనే దగ్గరి మద్దిమ్రానికో, నేరేటిమ్రానికో ఒళ్ళు రుద్దుకొనును. మ్రానిమీద బురద తడిగా నున్నయెడల అది ఆ రాత్రి వచ్చినదే. బురద అంటిన ఎత్తును బట్టి పంది ఎత్తు తెలియును. కణుజు సైతము బురదలో పొర్లును గనుక జాడలతో సరిచూడవలెను.

దారి: మృగములు ఒకే బాటన వచ్చి పోవుచుండును. తుంగలో సొరంగమువలె నున్న ఇరుకుబాట పందిది. అది చేనిగట్టును దాటు తావును గుర్తించి కొయ్య పాతి యుంచవలెను. పది ఎకరముల చేనికి సామాన్యముగా ఇట్టి బాటలు రెండో మూడో యుండును. చేనంతయు కాయుట కష్టము. బాటలను కాయుట సాధ్యము.

5. గాలి

క్రొత్తవారు అన్నిటికంటె మరచునది గాలి. సాయంకాలము చల్లబడిన గాలి మిట్టనుండి చెరువువైపు దిగును. పొద్దెక్కినకొలది పల్లమునుండి మిట్టకు మరలును. గుప్పెడు బూడిదను వదలి చూచినయెడల గాలి ఎటు వీచుచున్నదో తెలియును.

షికారీకిని కాపరికిని ఇచట భేదము కలదు. షికారీ తన వాసన మృగమునకు తగులకుండ, గాలి అడవినుండి తనవైపు వచ్చునట్లు కూర్చుండును. కాపరి దీనికి మారుగా చేయవలెను. తన వాసనయు, పొగయు, మంట వెలుగును అడవివైపు పోవునట్లు మంచె వేసికొన్నయెడల పంది గట్టు చేరకమునుపే జంకి నిలుచును. చేని నడుమ మంచె వేసి, గాలికి వెనుక నిదురించు కాపరి, తెల్లవారి నష్టమును లెక్కించుటకు మాత్రమే ఉపయోగపడును.

6. పైరు కాపుదల

పంది విత్తనము వేసిన వారములోపల ఒకసారియు, గింజ పాలు పట్టినది మొదలు కోతవరకు మరొకసారియు విశేషముగా వచ్చును. సంవత్సరమంతయు కాపు కాయు శక్తి యెవరికిని లేదు. ఈ రెండు కాలములందు గట్టిగా కాచిన చాలును. ఇరుగుపొరుగు రైతులు ఒకే అదనున విత్తినయెడల పైరులన్నియు ఒక్కసారి పాలు పట్టును. కాపు దినములు తగ్గును. నష్టము ఒక్క చేని మీదనే పడదు.

అడవి అంచున మొదటి మళ్ళలో మొక్కజొన్న, వేరుసెనగ, చిలగడదుంప వేయుట పందిని విందునకు పిలిచినట్లగును. మొక్కజొన్న చుట్టు ఆముదము వరుసలును, యాసంగి వేరుసెనగ చుట్టు ముండ్లు గల కుసుమ వరుసలును దగ్గర దగ్గరగా వేయుట వ్యవసాయ పరిశోధకులు సిఫారసు చేసిన పద్ధతి. ఆముదపు వాసన పైరు వాసనను కప్పును. కుసుమ ముండ్లు ముట్టెకు గ్రుచ్చుకొనును. అయితే ఆముదము నీరు నిలిచిన నేలను ఓర్వదు. కావున గట్టుమీదను, మిట్టప్రక్కను మాత్రమే వేసి, నీటిప్రక్కను కంచెతో కాపాడుకొనవలెను.

కంచె వేయువారు రెండు సంగతులు గమనింపవలెను. పంది క్రిందినుండి దూరును. దుప్పి పైనుండి దుముకును. ముండ్లతీగె అడుగువరుస నేలకు మిక్కిలి దగ్గరగా నుండవలెను. జాలికంచె అడుగుభాగమును నేలలో పాతవలెను. లేనియెడల పంది ముట్టెతో ఎత్తును. చిత్తడి నేలలో కొయ్యలు త్వరగా చివుకును గనుక ఏటేట వానలకు ముందు పరీక్షింపవలెను.

సౌరశక్తితో పనిచేయు కంచె మరియొకటి. ఇందు ప్రత్యేకమైన యంత్రము సుమారు క్షణమున కొక్కసారి మిక్కిలి స్వల్పకాలము మాత్రమే అదటు కలిగించును; మృగము బెదరి వెనుదిరుగును గాని చావదు. ప్రమాణముద్ర గల యంత్రమునే కొనవలెను. తుంగయు కలుపును తీగెను తాకినయెడల అదటు నేలలోనికి పోయి కంచె నిష్ఫలమగును. తేమనేలలో గడ్డి త్వరగా పెరుగును గనుక తీగె క్రింద వారము వారము కోయించవలెను.

డప్పు, టముకు, ఒడిసెల, కాగడా, మిణుకుమిణుకు దీపములు మొదలగునవి కొన్ని దినములు పనిచేయును. పిదప పంది వానికి అలవాటుపడును. కావున మూడు నాలుగు దినముల కొకసారి తావును, వేళను, శబ్దమును మార్చుచుండవలెను. ఫోరేటు గుళికల మూటలను గట్లపై వ్రేలాడదీయు పద్ధతి కొన్ని యెడల నుండెను. ఆ మందు 2020 డిసెంబరు 31 నుండి దేశమంతట నిషిద్ధము. నీటి యొడ్డున దాని నుంచుట చేపలకును, పశువులకును, ఆ నీరు త్రాగు మనుష్యులకును అపాయము.

7. కరెంటు తీగె

స్తంభము మీది తీగెకు కొక్కెము తగిలించియో, మోటారు పెట్టెనుండి తెచ్చియో చేని చుట్టు కరెంటు తీగె కట్టుట హత్యతో సమానమైన పని. సౌరకంచెలో అదటు క్షణకాలము మాత్రమే. స్తంభపు కరెంటు తాకినవానిని విడువదు. తడినేల మీద దాని శక్తి మరింత అపాయకరము. ఆ తీగె పందిని మాత్రమే ఎన్నుకొనదు. నీరు కట్టుటకు చీకటిలో వచ్చిన పొరుగు రైతు, పాలేరు, గడ్డికి వచ్చిన స్త్రీ, తప్పిపోయిన ఎద్దు, తుదకు తీగె కట్టినవాని కొడుకే దానికి బలియగుటకు అవకాశము కలదు. చిఱుతలు, పులులు సైతము ఇట్లు చచ్చుచున్నవి.

కరెంటు దొంగిలించినందుకు విద్యుత్ చట్టము, 2003 క్రిందను, నిర్లక్ష్యముచే ప్రాణము తీసినందుకు 2024 జూలై 1 నుండి అమలులో నున్న భారతీయ న్యాయ సంహిత 106 వ నిబంధన క్రిందను, మృగము చచ్చినందుకు వన్యప్రాణి చట్టము క్రిందను ప్రత్యేక నేరములగును. ఒక పుట్టెడు ధాన్యమును కాపాడబోయి భూమినే అమ్ముకొను స్థితి వచ్చును. పొరుగుచేనిలో ఇట్టి తీగె నున్నట్లు తెలిసినయెడల తాకక, విద్యుత్ శాఖవారికి వెంటనే తెలుపవలెను. నాటుబాంబులును ఇట్టివే, పశువు నోటనో, పిల్లవాని చేతనో పేలును.

8. అనుమతితో జరుగు షికారు

నష్టము మితిమీరి, ఇతర ఉపాయములు ఫలింపనపుడు రేంజి కార్యాలయములో దరఖాస్తు చేసికొనవలెను. నష్టపు పంచనామా, పట్టా నకలు, చేని ఛాయాచిత్రములు జతపరచిన మేలు. పంట నష్టమునకు పరిహారము కోరువారు సైతము చేనిని శుభ్రపరచక మునుపే అధికారులచే చూపించుకొనవలెను.

వ్రాతమూలమైన ఉత్తరువు వచ్చిన పిదప, అందు పేర్కొన్న మనుష్యుడే, పేర్కొన్న హద్దులలోనే, పేర్కొన్న గడువులోనే చంపవలెను. ఆయుధ చట్టము, 1959 పైరు కాపుదలకై మూతినుండి మందు కూరు తుపాకికి లైసెన్సు నీయుటను గూర్చి చెప్పుచున్నది. ఆ లైసెన్సు మృగమును చంపుటకు అనుమతి కాదు. రెండును వేర్వేరు. చంపబడిన పంది ప్రభుత్వపు ఆస్తి యగును. మాంసము పంచుకొనరాదు, అమ్మరాదు.

ఈ పనిలో క్రొత్తగా చేరువారు ఈ జాగ్రత్తలు పాటింపవలెను.

పొద కదలినదనియో, గురక వినబడినదనియో, కన్నులు మెరసినవనియో కాల్చరాదు. మృగము పూర్తిగా కనబడి, పందియే యని తెలిసి, దాని వెనుక మనుష్యులు, పశువులు, గుడిసెలు లేవని నిశ్చయించుకొనిన పిదపనే కాల్చవలెను. రాత్రి దుప్పి కన్నులును, ఆవు కన్నులును మెరయును.

నీటిమీదను, రాతిమీదను తగిలిన గుండు ఎగిరి మరియొక దిక్కునకు పోవును. చెరువువైపు కాల్చుట మానవలెను.

వాగు దాటునపుడును, మంచె యెక్కునపుడును తుపాకిని ఖాళీ చేయవలెను. మూతిలో బురద చేరినయెడల గొట్టము పగులును, జారిపడినపుడెల్ల పరీక్షింపవలెను. తేమకు మందు నానిన తుపాకి వెంటనే పేలక కొంత ఆలస్యముగా పేలవచ్చును. గొట్టమును మనుష్యులులేని దిక్కునకే పట్టి కొంతసేపు వేచియుండవలెను.

ఎవరు ఎచట కూర్చుండిరో అందరికిని తెలిసియుండవలెను. తెల్లవారువరకు ఎవరును తావు మార్చరాదు. షికారులో జరుగు మరణములు పెక్కు తోడివాని గుండుచేతనే జరుగుచున్నవి.

గాయపడిన పందిని చీకటిలో జమ్ములోనికి వెంబడింపరాదు. అది బురదలో అణగియుండి, మీదికి వచ్చినపుడు కోరలతో తొడను చీల్చును. వెలుతురు వచ్చిన పిదప అటవీ సిబ్బందితో కలిసి వెదకవలెను.

9. కాపరి ఆరోగ్యము

చిత్తడి నేలలో పందికంటె పాము దగ్గర. చీకటిలో నడచునపుడు దీపమును, మోకాలివరకు చెప్పులును, చేత కర్రయు నుండవలెను. పాము కరచినయెడల గాటు కోయుట, పీల్చుట, గట్టిగా కట్టుట తగదు. కదలనీయక వెంటనే విషహర సూది దొరకు ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చవలెను. మొసళ్ళున్న మడుగులలో రాత్రివేళ దిగరాదు. కాలిపుండ్లతో నిలువనీటిలో తిరుగువారికి ఎలుకజ్వరము సోకవచ్చును. జ్వరము వచ్చినయెడల తాము నీటిలో పనిచేసిన సంగతి వైద్యునకు చెప్పవలెను. మంచెపై దోమతెర యుండవలెను.

కారణము తెలియక చచ్చిన పందులు కనబడినయెడల తాకక పశువైద్యునకు తెలుపవలెను. 2020 నుండి దేశములో కనబడుచున్న ఆఫ్రికా పందిజ్వరము మనుష్యులకు సోకదు గాని ఊరిపందుల మందలను నాశనము చేయును.

10. ముఖ్యముగా జ్ఞాపక ముంచుకొనవలసినవి

(1) చేను పాడైన ఉదయమే జాడలు చూడుము. (2) మృగపు బాటలను గుర్తించి వానినే కాయుము. (3) నీ వాసన అడవివైపు పోవునట్లు మంచె వేయుము. (4) విత్తిన వారమును, పాలుపట్టు కాలమును ఏమరకుము. (5) కంచె, పైరు, కాపు మూడును కలిపి నడుపుము, ఒక్కదానినే నమ్మకుము. (6) వ్రాతమూలమైన ఉత్తరువు లేక తుపాకి యెత్తకుము, ఉరి పన్నకుము. (7) ఎట్టి నష్టము వచ్చినను చేనికి కరెంటు తీగె కట్టకుము.

గ్రామములోని రైతులు నలుగురు కలిసి వంతులు వేసికొని ఈ ప్రకారము ఒక్క పంటకాలము కాచి చూచినయెడల, పోయిన పైరెంత, దక్కిన పైరెంత అను లెక్క వారికే తెలియగలదు. ఒక్కరి కంచెవలన పంది పొరుగుచేనికి మాత్రమే పోవును. అందరి కాపువలన అడవికి మరలును.